స్పీకరు బొమ్మ లేని వీడియో సైటు

మా వీడియో సైటులో శబ్దం పెంచే, తగ్గించే గుర్తు ఉండదు. మొదటిసారి చూసిన వినికిడి గల మిత్రులు "ప్లేయరు పాడైనట్టుంది, స్పీకరు బొమ్మ కనబడటం లేదు" అని నాకు సందేశాలు పెడుతుంటారు. పాడవలేదు, మేమే తీసేశాం. బొమ్మతో ఆగలేదు, అప్‌లోడ్ అయిన ప్రతి వీడియోలోంచీ శబ్దాన్ని సర్వరులోనే తుడిచేస్తాం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనానికి ఒక చిన్న ఆదేశం ఇస్తే చాలు, మాట లేని ఫైలు బయటికి వస్తుంది.

బధిరుల సైటు కదా, శబ్దంతో పనేముంది అనుకుని తీసేశామని చాలామంది భావిస్తారు. అసలు కారణం వేరు. వినబడని మనిషి గదిలో కూర్చుని సంజ్ఞా భాషలో వీడియో తీసుకుంటున్నప్పుడు వెనక ఏం మోగుతోందో ఆ మనిషికి తెలియదు. కుక్కరు ఈల, టీవీ సీరియలు అయితే పోనీలే అనుకోవచ్చు. పక్క గదిలో అత్తాకోడళ్ళ గొడవ, ఎవరో ఫోనులో బ్యాంకు ఖాతా నంబరు చదవడం, "వీడికి పిల్లనెవరిస్తారు" అని ఆ మనిషి గురించే చుట్టాలు నిట్టూర్చడం, అన్నీ వీడియోలో పడతాయి. తీసినవారికి తప్ప చూసే వినికిడివాళ్ళందరికీ వినబడతాయి. అందుకని మా దగ్గర నిశ్శబ్దమే నియమం. కొద్దిగా వినబడేవాళ్ళు, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుని మాట కూడా కలిపి చెప్పేవాళ్ళు కావాలంటే 'శబ్దం ఉంచు' అని ఎంచుకోవచ్చు. అలా ఎంచుకున్నప్పుడు మాత్రం వినికిడి గల ఒకరు ముందు విని, వెనక ఏముందో వాళ్ళకు చెప్పాకే వీడియో బయటికి వెళ్తుంది. ప్రస్తుతం ఆ ఒకరు నేనే.

నాకు వినబడుతుంది. అమ్మకూ నాన్నకూ వినబడదు. చేతులతో మాట్లాడటం నాకు ముందు వచ్చింది, నోటితో తెలుగు ఆ తర్వాత అమ్మమ్మ దగ్గరా వీధిలోనూ వచ్చింది. బతుకుతెరువుకు వెబ్‌సైట్లు కడతాను. ఈ సైటు వెనక నాతో ఉన్నవాళ్ళలో ముగ్గురి గురించి చెప్పాలి. వాళ్ళ అసలు పేర్లు రాయను, సంజ్ఞా నామాలు ఉన్నాయి కాబట్టి రాయవలసిన పనీ లేదు. బధిరుల మధ్య ప్రతి మనిషికీ చేతితో చూపే ఒక పేరుంటుంది. అది రూపాన్నిబట్టో అలవాటునుబట్టో చుట్టూ ఉన్నవాళ్ళు పెడతారు, ఎవరికి వారు పెట్టుకునేది కాదు. డిజైను చూసే కుర్రవాడి పేరు చెవి వెనక పెన్సిల్. బధిర పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ పేరు గాజులు పైకి తోయడం. మా నాన్న పేరు చూపాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలోంచి ఏదో ఏరినట్టు చేయాలి.

నాన్న ఏరేది అక్షరాలు. విజయవాడలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేశారు. ట్రెడిల్ మిషన్ల మోత మిగతావాళ్ళ చెవులు తినేస్తుంటే నాన్నకూ ఆయన బధిర స్నేహితులకూ ఆ బెడద ఉండేది కాదు. కేసులోంచి సీసపు అక్షరం తీసి చేతిలోని స్టిక్కులో వరసగా పేర్చడం, కిందికి ఒత్తు చేర్చడం, గ్యాలీ అనే పళ్ళెంలోకి దించడం, తాడు కట్టడం, ప్రూఫు తీయడం. ఈ పనులన్నిటికీ వాళ్ళ మధ్య సంజ్ఞలుండేవి. కంప్యూటరులో అక్షరాలు పేర్చే డీటీపీ వచ్చి సీసం కరిగిపోయాక నాన్న బైండింగు పనికి మారారు. సంజ్ఞలు మాత్రం ఆ నలుగురైదుగురి చేతుల్లోనే మిగిలాయి.

సైటు కట్టాలన్న ఆలోచన నిజానికి ఆ సంజ్ఞల దగ్గరే మొదలైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, అదే ఏడాది నవంబరులో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. అప్పటిదాకా బధిరులకు ఫోనంటే ఎస్ఎంఎస్. అది కూడా రాయడం బాగా వచ్చినవాళ్ళకే. ఒక్కసారిగా మా నాన్న అర్ధరాత్రిదాకా ఫోను ముందు చేతులు ఊపుతూ కూర్చోవడం మొదలుపెట్టారు. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అని అమ్మ విసుక్కునేది, మర్నాడు తనూ అదే పని చేసేది. తర్వాత గ్రూపులు పుట్టాయి. పాత స్నేహితులు వీడియోల్లో కథలు చెప్పుకున్నారు. హాస్టల్లో దొంగతనంగా సైగలు చేసుకున్న రోజులు, పెళ్ళిచూపుల్లో జరిగిన తమాషాలు, సమ్మెలో నిలబడిన ప్రెస్సు కార్మికులు. ఫోనులో చోటు నిండిపోయినప్పుడల్లా అవన్నీ చెరిగిపోయేవి. ఫోను మారిస్తే పోయేవి. నాన్న స్నేహితుల్లో ఒకాయన పోయాక ఆయన చెప్పిన కథ ఎవరి ఫోనులోనైనా ఉందేమోనని అందరం వెతికాం. ఎక్కడా లేదు.

సంజ్ఞా భాషకు రాత లేదని చెప్పడం సరికాదు. 1974లో వచ్చిన సైన్‌రైటింగ్ ఉంది, హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో తయారైన హామ్‌నోసిస్ ఉంది. పరిశోధకులు వాటిని వాడతారు. విజయవాడలో మా నాన్న ఉత్తరం రాయడానికి వాటిని వాడరు. ఆయనకు కాగితం, కలం రెండూ కెమెరాయే. ఈ సంగతి అమెరికాలో జార్జ్ వెడిట్జ్ అనే బధిరుడు వందేళ్ళ కిందటే పట్టుకున్నాడు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద జరిగిన మహాసభ, పిల్లలకు నోటిమాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. బడుల్లో చేతులు కట్టేయడం ఆ తర్వాత చాలా దేశాలకు పాకింది. సంజ్ఞలు తెలిసిన పెద్దవాళ్ళు పోతే భాషే పోతుందేమోనని అమెరికా బధిరుల జాతీయ సంఘం 1910 నుంచి చందాలు పోగుచేసి, సుమారు 5,000 డాలర్లతో సినిమాలు తీయించింది. 1913లో వెడిట్జ్ స్వయంగా కెమెరా ముందు నిలబడి చేసిన ప్రసంగం ఇప్పటికీ చూడవచ్చు. సినిమా కెమెరాను వాళ్ళు కాగితంలా వాడుకున్నారన్న మాట. అంతకంటే గొప్ప ఆలోచన మాకేమీ లేదు. మాకున్న అదనపు సౌకర్యమల్లా ఫోను.

పునాదికి పీర్‌ట్యూబ్ తీసుకున్నాం. ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ సంస్థ తయారుచేసిన ఉచిత, బహిరంగ వీడియో సాఫ్ట్‌వేరు అది. వీడియోను పెట్టడం, చూడటం వరకూ హాయిగా పనిచేసింది. చిక్కు కింద వచ్చే వ్యాఖ్యల దగ్గర. ప్రపంచంలోని దాదాపు ప్రతి వీడియో సైటూ ఒక సంగతి అడగకుండానే నిర్ణయించేసుకుంది: చెప్పేవారు వీడియోలో చెబుతారు, చూసేవారు అక్షరాల్లో బదులిస్తారు. సంజ్ఞా భాషలో కథ చెప్పిన మనిషికి తెలుగులో జవాబు రాయమంటే, ఇంట్లో తెలుగులో పలకరించిన చుట్టానికి ప్రతి మాటా ఇంగ్లీషులో రాసి చూపించమన్నట్టే. రాయగలిగినవాళ్ళు రాస్తారు, మిగతావాళ్ళు బొటనవేలు బొమ్మ పెట్టి వెళ్ళిపోతారు. బధిరుల గ్రూపుల్లో అన్ని బొటనవేళ్ళ బొమ్మలు ఎందుకుంటాయో ఆలోచించారా?

అందుకే వ్యాఖ్యల భాగాన్ని పెకలించి, దాని స్థానంలో వీడియో జవాబు పెట్టాం. నొక్కగానే కెమెరా తెరుచుకుంటుంది. రాతపెట్టె కూడా ఉంది, కాస్త అడుగున. జవాబులో ఒక సౌకర్యం పెన్సిల్ పట్టుబట్టి చేయించాడు. మొదటి వీడియోలో తాను దేనికి బదులిస్తున్నాడో ఆ నాలుగైదు సెకన్ల ముక్కను కత్తిరించి తన జవాబు ముందు అతికించుకోవచ్చు. ఎదుటివారి మాటను ఎత్తి చూపి మాట్లాడటం లేకపోతే చర్చ ఎలా నడుస్తుంది? ఈ ముక్క వచ్చాక మా సైటులో పోట్లాటలు పెరిగాయి. నాకు సంతోషమే. అంతకుముందు అందరూ అందరినీ మెచ్చుకుంటూ ఉండేవారు.

రికార్డింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పని అక్కడే పట్టింది. ఫోను కెమెరాలు ఒక చేత్తో ఫోను పట్టుకుని తీసుకునేవారి కోసం తయారయ్యాయి. అమెరికా సంజ్ఞా భాషలో ఇంగ్లీషు అక్షరాలు ఒక చేత్తో చూపిస్తారు. మన భారతీయ సంజ్ఞా భాషలో ఇంగ్లీషు అక్షరమాలకు, బ్రిటిష్ పద్ధతిలో లాగా, రెండు చేతులూ కావాలి. కనుక ఫోను ఎక్కడో నిలబెట్టాల్సిందే. మా నాన్న ఇడ్లీ రవ్వ డబ్బాకు ఆనించి పెడతారు. ఒకావిడ కుట్టుమిషను మీద, ఒకాయన దేవుడి పటం ముందు. నొక్కి వెనక్కి జరిగి కూర్చునేలోగా రికార్డింగు మొదలైపోతుంది కాబట్టి తెర నిండా పెద్ద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ కనబడేలా చేశాం. చాలా యాప్‌లలో ఈ లెక్కింపు బీప్ శబ్దంతో వస్తుంది. అది మాకెందుకూ పనికిరాదు. రికార్డింగు నడుస్తున్నంతసేపూ తెర అంచు చుట్టూ ఎర్రటి పట్టీ ఉంటుంది, దూరం నుంచి కూడా తెలుస్తుంది.

అయినా ప్రతి వీడియో మొదట్లో ఒక చేయి వెనక్కి పోవడం, చివర్లో ఒక చేయి కెమెరా మీదికి దూసుకురావడం తప్పవు. చూసేవారికి అది దడ పుట్టిస్తుంది. గూగుల్ వారి మీడియాపైప్ బ్రౌజరులోనే చేతుల జాడ పట్టగలదు. చేతులు రెండూ మొదటిసారి లేచిన క్షణానికి ముందున్నదీ, చివరిసారి దిగిన తర్వాత ఉన్నదీ కోసేసి, 'ఇలా ఉంచమంటారా?' అని చూపిస్తాం. నిలువు చట్రం బదులు చతురస్రం పెట్టాం. ఫోను నిలువుగా పెడితే మోచేతులు బయటికి పోతాయి. సంజ్ఞ జరిగే చోటు తల పైనుంచి నడుము దాకా, అటూ ఇటూ మోచేతులు చాపినంత వెడల్పు. ఆ చట్రం గీతలు తెర మీద లేతగా కనబడుతూ ఉంటాయి.

అద్దం బొమ్మ వ్యవహారం నాన్న పట్టుకున్నారు. ముందు కెమెరా మనకు చూపించేది అద్దంలో రూపం. కొన్ని ఫోన్లు దాన్ని అలాగే భద్రపరుస్తాయి, కొన్ని తిప్పి భద్రపరుస్తాయి. ఒక వీడియోలో వెనక గోడ మీది క్యాలెండరు అక్షరాలు తిరగబడి ఉన్నాయి. మిగతావాళ్ళందరం క్యాలెండరు చూసి కనిపెట్టాం. నాన్న మాత్రం క్యాలెండరులో తప్పేమీ చూడలేదు, అచ్చు సీసంలో తిరగేసి ఉండే అక్షరాలు చదివీ చదివీ ఆయనకు అవి మామూలుగానే ఉంటాయి. "ఈయన కుడిచేతివాటం, ఎడమచేత్తో ఎందుకు మాట్లాడుతున్నాడు? పక్షవాతం గానీ వచ్చిందా?" అని కంగారుపడ్డారు. ఎడమచేతివాటం వాళ్ళ సంజ్ఞలు అందరికీ అర్థమవుతాయి గనుక మామూలు కబుర్లకు ఇబ్బంది లేదు. బస్టాండు నుంచి ఎటు తిరగాలో చెప్పే వీడియో అద్దంలో పడితే మాత్రం మనిషి వేరే వీధిలో తేలతాడు. ఇప్పుడు ఏ ఫోను నుంచి వచ్చినా చూసేవారికి సూటి బొమ్మే చూపిస్తాం.

ఇక వీడియో బరువు. మామూలు ఫోనులో పూర్తి హెచ్‌డీలో తీస్తే నిమిషానికి వంద ఎంబీ దాటిపోవడం మామూలే. దాన్ని 480 గీతల స్థాయికి, సెకనుకు ఒక మెగాబిట్‌కు దించితే నిమిషానికి ఏడున్నర ఎంబీ. అంటే వెయ్యి నిమిషాల కబుర్లు ఏడున్నర జీబీలో ఇమిడిపోతాయి. సర్వరు అద్దె జేబులోంచి కట్టేవాళ్ళకు ఈ లెక్క కంఠతా ఉంటుంది. దించేటప్పుడు ఏది వదులుకోవాలన్నది అసలు ప్రశ్న. సినిమా చూపించే సైట్లు బొమ్మ నునుపుగా, స్పష్టంగా ఉండాలని చూస్తాయి. మాకు కదలిక తెగకుండా ఉండటం ముఖ్యం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1999లోనే సంజ్ఞా భాష వీడియో సంభాషణల గురించి ఒక పత్రం వెలువరించింది. సెకనుకు ఇరవై చిత్రాలకు పైగా ఉంటే వాడుకకు బాగుంటుందని, పన్నెండు దగ్గరికి దిగితే కష్టమవుతుందని దాని సారాంశం. నెట్టు బలహీనమైతే మేము బొమ్మ పరిమాణం తగ్గిస్తాం, చిత్రాల సంఖ్య జోలికి పోము.

మరో సంగతి నాకు చాలా నచ్చింది. సంజ్ఞలు చూసేవారి చూపు ఎక్కడ నిలుస్తుందో కొలిచిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, వాళ్ళు చేతులను కాకుండా ఎక్కువసేపు ముఖాన్ని చూస్తారు. చేతులు కంటి అంచుల్లోంచి తెలుస్తాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొబైల్‌ఏఎస్ఎల్ అనే ప్రాజెక్టులో దీన్ని ఆధారం చేసుకుని, ఉన్న కొద్దిపాటి బిట్లలో ఎక్కువ భాగం ముఖానికీ చేతులకూ కేటాయించి, గోడలూ కర్టెన్లూ మసకబారినా ఫరవాలేదనుకున్నారు. మాకు అంత నేర్పు లేదు గానీ, సలహా మాత్రం పాటిస్తాం: వెనక ఖాళీ గోడ, ఒకే రంగు చొక్కా, ముఖం మీద వెలుతురు. వెలుతురు తగ్గితే కెమెరా ఒక్కో చిత్రానికి ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది, వేళ్ళు పొగలా సాగిపోతాయి. సాఫ్ట్‌వేరుతో దాన్ని బాగుచేయలేం. ట్యూబులైటు కింద కూర్చోమని చెప్పడమే మందు.

సైటులో వీడియోకు శీర్షిక రాయడం తప్పనిసరి కాదు. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. శీర్షిక అడిగితే, అరగంట చక్కగా చెప్పగలిగిన మనిషి రెండు పదాలు రాయలేక వెనక్కి పోతాడు. దాని బదులు ఊరు ఎంచుకుంటారు, విషయాన్ని బొమ్మల్లోంచి ఎంచుకుంటారు. ఖాతా పేరు కూడా అక్షరాల్లో ఉండనక్కర్లేదు. మూడు సెకన్ల వీడియోలో తమ సంజ్ఞా నామం చూపిస్తే అదే పేరు, అది తిరిగి తిరిగి ఆడుతూ ఉంటుంది. జవాబు వచ్చిందని కబురు పంపేటప్పుడు కూడా ఆ మూడు సెకన్లే వస్తాయి. మీట మీద వేలు ఆనించి ఉంచితే అదేం చేస్తుందో గాజులావిడ సంజ్ఞల్లో చెబుతారు. నిబంధనలన్నీ కూడా ఆవిడే చెప్పారు. ఆ వీడియోను జనం నిజంగా చివరిదాకా చూస్తారు. నిబంధనలు చదివించిన వెబ్‌సైటు ఇంకోటి నాకు తెలియదు.

వెతకడం దగ్గర మాత్రం చేతులెత్తేశాం, పూర్తిగా కాదనుకోండి. అక్షరాల్లేని వీడియోల్లో దేన్ని పట్టుకుని వెతకాలి? ఆడియోలోంచి తనంతట తానే తయారయ్యే ఉపశీర్షికలు ఇక్కడ పుట్టవు. సంజ్ఞలను యంత్రం గుర్తుపట్టాలంటే దానికి చూపించాల్సిన నమూనాలు లక్షల్లో కావాలి. 2020లో భారతీయ సంజ్ఞా భాష కోసం విడుదలైన 'ఇన్‌క్లూడ్' అనే నమూనాల సంకలనంలో 263 సంజ్ఞలకు 4,287 వీడియోలున్నాయి. మన దేశంలో ఈ పనికి అదొక మంచి ప్రారంభమే. అయితే 263 సంజ్ఞలతో మా నాన్న ఒక సాయంత్రం కూడా గడపలేరు. అందుకని మనుషుల మీదే ఆధారపడ్డాం. చూసినవాళ్ళు విషయపు గుర్తులు తగిలిస్తారు. చేతి ఆకారం, అది శరీరంలో ఎక్కడ ఆనుతుంది, ఎటు కదులుతుంది, ఈ మూడింటితో ఒక చిన్న వెతుకులాట కూడా పెట్టాం. సంజ్ఞను ఇలా విడదీసి చూడవచ్చని 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే పరిశోధకుడు చూపించాడు. ఆయన పద్ధతి ఇప్పుడు విజయవాడ కుర్రాళ్ళు బొమ్మలు నొక్కుతూ వాడుకుంటున్నారు.

"ప్రభుత్వ నిఘంటువు ఉంది కదా, మళ్ళీ మీ సంజ్ఞల పట్టిక ఎందుకు?" అని అడుగుతారు. ఉంది, నేను రోజూ వాడతాను. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. 2018లో మూడు వేల పదాలతో నిఘంటువు తెచ్చింది, 2021 ఫిబ్రవరికి అది పది వేలకు పెరిగింది. పాఠ్యపుస్తకాలను సంజ్ఞల్లోకి తేవడానికి, వాటిని తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీతో 2020లో ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పాఠాలు ప్రసారం చేసే పీఎం ఈ-విద్య టీవీ ఛానెళ్ళలో 31వది సంజ్ఞా భాషకే కేటాయించారు. బడికి వెళ్ళే పిల్లలకు ఇవి ప్రాణం. మాకు కావలసింది ఇంకొకటి. ఒకే అర్థానికి విజయవాడ బడిలో చదివినవాళ్ళు ఒక సంజ్ఞ, హైదరాబాదు మలక్‌పేటలో చదివినవాళ్ళు మరో సంజ్ఞ చేస్తే, రెండూ పక్కపక్కన, ఊరి పేరుతో, చేసిన మనిషి వయసుతో సహా ఉండాలి. ఏది సరైనదో మేం చెప్పం. 1970లలో మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్ అనే పరిశోధకులు, వాళ్ళ సహచరులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు సంజ్ఞలను విడివిడిగా సేకరించి పోల్చారు. ఆ నాలుగు నగరాల్లో మన ఊళ్ళేవీ లేవు.

నాన్న ముఠా కంపోజింగు సంజ్ఞలన్నీ ఇప్పుడు సైటులో ఉన్నాయి. ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు చేసినవి. 'ప్రూఫులో తప్పు' అన్న సంజ్ఞ దగ్గర పెద్ద రగడ జరిగింది. ఒకాయన అది తమ ప్రెస్సులో పుట్టిందంటారు, నాన్న ఒప్పుకోరు. ఇద్దరి వీడియోలూ ఉంచాం, ముప్పై ఏళ్ళ నాటి కక్షలతో సహా.

ఇక అన్నిటికంటే కష్టమైన చోటుకి వస్తాను. తెలుగులో రాసేవాళ్ళు మారుపేరుతో రాయవచ్చు. నేను ఈ వ్యాసం పేరు లేకుండా రాయగలుగుతున్నాను. సంజ్ఞా భాషలో అలా కుదరదు. ముఖం చూపించకుండా మాట్లాడలేరు. కనుబొమ్మలు పైకి లేస్తే అవునా కాదా అన్న ప్రశ్న, తల అడ్డంగా ఊగితే ఆ వాక్యానికి వ్యతిరేకార్థం. ముఖాన్ని మసకచేస్తే గుర్తింపుతోపాటు వ్యాకరణమూ పోతుంది. మాస్కు పెట్టుకున్నా అంతే, కరోనా రోజుల్లో బధిరులందరూ దాన్ని అనుభవించారు. అత్తింటి వేధింపుల గురించి, ఆఫీసులో అవమానం గురించి, ఒంటి మీది జబ్బు గురించి ఒకామె చెప్పుకోవాలంటే ముందు తన ముఖాన్ని పెట్టుబడిగా పెట్టాలి. బధిరుల లోకం చిన్నది. ఏలూరులో పెట్టిన వీడియో సాయంత్రానికి వరంగల్‌లో చుట్టాలకు తెలుస్తుంది.

దీనికి గాజులావిడ కనిపెట్టిన దారి నాకెప్పటికీ తట్టేది కాదు. చెప్పుకోవలసినవారు తమ వీడియోను ఆవిడకో, ఆవిడ కూర్చిన చిన్న బృందంలో ఇంకెవరికో పంపుతారు. వాళ్ళు అది చూసి, ఆ కథను తమ చేతులతో, 'నేను' అంటూనే మళ్ళీ చెబుతారు. మొదట్లో ఒక గుర్తు చూపిస్తారు, ఇది మరొకరి మాట అని. మూల వీడియోను చెరిపేస్తారు. సంజ్ఞా భాషలో కథ చెప్పేవాళ్ళు భుజం తిప్పి ఇంకొకరిగా మారిపోవడం అందరికీ అలవాటే కాబట్టి చూసేవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. ఎవరి కథో తెలియకుండా చిన్న వివరాలు మారుస్తారు. కొన్నిసార్లు చెప్పే ధోరణిని బట్టి మనిషిని పోల్చుకుంటారేమోనని వాక్యాల అల్లికను కూడా మారుస్తారట. ఇలా పెట్టిన వీడియోల కిందే జవాబులు ఎక్కువ.

కాపలా పని కూడా మనుషులదే. బూతు మాటలను పట్టే జల్లెడలు అక్షరాల మీద పనిచేస్తాయి, వేళ్ళ మీద కాదు. కాబట్టి ప్రతి వీడియోనూ సంజ్ఞా భాష తెలిసిన ఒకరు చూడాలి, ఫిర్యాదు కూడా వీడియోలోనే ఇవ్వవచ్చు. కాపలా కూర్చునేవాళ్ళు బధిరులే అయి ఉండాలని మొదట్లోనే అనుకున్నాం. నాకు అందులో ఓటు లేదు. ఉండకూడదు కూడా.

మాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది బూతులు కాదు, సినిమా పాటలు. సంజ్ఞా భాష నాలుగు వారాలు నేర్చుకున్న వినికిడివాళ్ళు పాటలోని ప్రతి తెలుగు మాటకూ ఒక్కో సంజ్ఞ తగిలించి, చిరునవ్వుతో వీడియో తీసి పెడతారు. సంజ్ఞా భాషలో ప్రశ్నపదం వాక్యం చివరికి పోతుంది, కాలం ముందుకొస్తుంది, ఎవరు ఎవరికి ఇచ్చారో చేయి కదిలిన దిక్కు చెబుతుంది. ఇవేవీ లేకుండా పేర్చిన సంజ్ఞలను చూస్తుంటే మా నాన్నకు ఒత్తులన్నీ ఊడిపోయిన ప్రూఫు చూసినట్టుంటుందట. వాళ్ళను తరిమేయలేదు. నేర్చుకునేవాళ్ళకు వేరే గది ఇచ్చాం. అక్కడ బధిరులు ఓపిక ఉన్నప్పుడు వచ్చి దిద్దుతారు. సంజ్ఞల పట్టికలో మాత్రం వాళ్ళు ఏదీ చేర్చలేరు. దీని మీద నన్ను తిట్టినవాళ్ళున్నారు, "సేవ చేద్దామంటే అడ్డుపడతారా" అని.

ఉపశీర్షికల సంగతి చివర్లో చేశాం, కావాలనే. బధిర పిల్లల్లో చాలా ఎక్కువమంది వినికిడి గల తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లిదండ్రులు ఈ వీడియోలు చూడాలి, వాళ్ళ కోసమే తెలుగు ఉపశీర్షికలు. అలవాటుగా అడుగున పెడితే చేతుల మీద పడుతున్నాయి, అందుకే వీడియో పక్కన ఒక పట్టీలో పెట్టాం. మొదట అవి ఆపి ఉంటాయి, కావలసినవారు తెరుచుకుంటారు. రెండూ ఒకేసారి చూడాలంటే కన్ను రెండు పనులు చేయాలి, మాటలు వింటూ కూర గరిటె తిప్పినంత సులువు కాదది. ఉపశీర్షికలు రాయడానికి మాలాంటి కోడాలు, అంటే బధిరులకు పుట్టిన వినికిడి గల పిల్లలు, కొందరు కలిశారు. మా అందరికీ చిన్నప్పటి నుంచీ డాక్టరు దగ్గరా బ్యాంకులోనూ అమ్మానాన్నల మాటలను తెలుగు చేసిన అనుభవమే కదా.

డౌన్‌లోడు మీట మీద తగువు ఇంకా తెగలేదు. పెన్సిల్ వద్దంటాడు. ఎవరిదో వీడియో దించుకుని, దాని మీద వెటకారపు గొంతు పెట్టి తిప్పడం అతను చూశాడు. ఆ వెటకారం ఏమిటో వీడియోలోని మనిషికి వినబడదు కూడా. నాన్న కావాలంటారు. ఒకే చోట ఉన్నది ఎప్పుడైనా పోతుందని ఆయన భయం. సీసం కరిగించడం కళ్ళారా చూసిన మనిషి. ప్రస్తుతానికి మీట లేదు. పెద్దవాళ్ళ కథల అసలు ఫైళ్ళను, బరువైనా సరే, హార్డ్‌డిస్కుల్లోకి ఎత్తి, ఒకటి వాళ్ళ ఇంట్లో, ఒకటి గాజులావిడ బీరువాలో పెడుతున్నాం. పెన్సిల్‌కు ఇదీ ఇష్టం లేదు. "అక్కా, బీరువాకు తాళం ఎవరి దగ్గరుంటుంది?" అని అడుగుతున్నాడు. ఓటు పెట్టబోతున్నాం, అది కూడా వీడియోలోనే.

ఈలోగా గాజులావిడ దగ్గర చూడవలసిన వీడియోలు పేరుకుపోతున్నాయి, ఆవిడ కళ్ళకు శస్త్రచికిత్స కూడా ఉంది. రోజూ కొంతసేపు కూర్చుని చూడగలిగే బధిరులు, ముఖ్యంగా రాయలసీమ, ఉత్తరాంధ్ర బడుల్లో చదివినవాళ్ళు కావాలి. దరఖాస్తు రాయనక్కర్లేదు. మీ సంజ్ఞా నామం చూపించి, మీది ఏ ఊరో, ఏ బడిలో చదివారో ఒక వీడియోలో చెప్పి పెట్టండి. వెనక ఖాళీ గోడ ఉండేలా చూసుకోండి.